నా దస్తూరీలో వేసిన తేదీ

సెప్టెంబరు 4, బుధవారం

లిఫ్టు మెకానిక్ ఇవాళ మధ్యాహ్నం తన విజ్ఞాపన తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వెనకాలే వార్డరు. ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్ళని జైలు ఆఫీసు గదికి కూడా ఒంటరిగా పంపరు. రెండు కాగితాలు, రెండువైపులా కుక్కి కుక్కి రాశాడు. కోడి కెలికినట్టుంది ఆ రాత.

"ఈ చెయ్యి స్క్రూడ్రైవరుకి అలవాటు పడిపోయింది మేడం. మీ దస్తూరి ముత్యాల్లా ఉంటుందని లోపల అందరూ అంటారు. తప్పులుంటే మీరే సరిచేసి పంపించండి," అన్నాడు.

పొగడ్తలకి లొంగే మనిషిని కానని అనుకుంటూ ఉంటాను. లొంగుతాను. ముద్ర వెయ్యకుండా కాగితాలు సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఇందులో తప్పేం లేదు, మా ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా ఇదే పద్ధతి. పైవాళ్ళు అర్థంకాని రాతని పక్కన పడేస్తున్నారని పాత సూపరింటెండెంటు గారు మొదలుపెట్టారు. నేను శుభ్రంగా తిరగరాస్తాను, రాసిచ్చినవాళ్ళు కింద సంతకం పెడతారు. ముద్ర, ఇన్వర్డ్ నంబరు, తేదీ అన్నీ ఆ ఫెయిర్ కాపీకే. అసలు కాగితాన్ని చించేస్తాం. ఈ పద్ధతి ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. ఎవరూ ఏమీ అనలేదు కూడా.

వీళ్ళకి విచారణ లేదు, సాక్షిని నిలదీసే వీలు లేదు. ఈ మనిషి బయట ఉంటే గొడవలవుతాయని పైఅధికారి ఒక సంతకం పెడితే ఏడాది పాటు లోపలే. వీళ్ళ చేతిలో ఉన్నదల్లా ఈ ఒక్క విజ్ఞాపన. పంపిన వెంటనే ప్రభుత్వం దాన్ని చూసి తీరాలి. అందుకే అది బాగుండాలని నా పట్టుదల.

టీ తాగి చదివాను. ఆగస్టు సమ్మె రోజు మూయని షాపుల్ని తగలబెట్టించాడని కదా ఇతని మీద అభియోగం. ఇలా రాశాడు: "నన్ను మార్కెట్ రోడ్డులో చూశానని కళ్ళజోళ్ళ షాపాయన చెప్పారట. సమ్మెలో ఉన్నా ఆసుపత్రి పని ఆపకూడదని ఆ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా నేను పెద్దాసుపత్రి రెండో లిఫ్టు గొయ్యిలో పని చేస్తున్నాను. గొయ్యిలో ఉన్న మనిషి ఎవరికీ కనపడడు సార్. కానీ ఆగిన లిఫ్టు ఎనిమిదింటికి నడిచింది. అక్కడి రిజిస్టరులో నా సంతకం ఉంది. ఒక్కసారి చూడండి."

మార్కెట్ రోడ్డులో కళ్ళజోళ్ళ షాపులు మూడున్నాయి.

రేపు తిరగరాస్తాను.

సెప్టెంబరు 5

తలనొప్పి. రాయలేదు. తమ్ముడు ఫోన్ చేశాడు. షాపు గోడల మసి ఎంత కడిగినా వదలడం లేదట.

మూడు షాపుల్లో కాలింది వాడిదొక్కటే.

సెప్టెంబరు 6

జ్వరం. నూట ఒకటి.

సెప్టెంబరు 8, ఆదివారం

నిన్న కూడా జ్వరమే. ఇవాళ తగ్గింది గానీ నీరసం. కాగితాలు నలగకుండా బీరువాలో బట్టల కింద పెట్టాను. నీరసంగా ఉన్నప్పుడు రాస్తే గీత వంకర పోతుంది.

సెప్టెంబరు 9, సోమవారం

ఆఫీసుకి వెళ్ళాను. మూడు రోజుల టపా కొండలా పేరుకుపోయింది. నేను లేకపోతే ఈ ఆఫీసులో కవరు చింపే దిక్కు కూడా లేదు.

రేపు తప్పకుండా రాస్తాను.

సెప్టెంబరు 11, బుధవారం

ములాఖాతు రోజు. మెకానిక్ భార్య కిటికీ దగ్గరికి వచ్చి, మా ఆయన కాగితం పైకి వెళ్ళిందా అమ్మా అని అడిగింది. పనిలో ఉందమ్మా అన్నాను. అబద్ధమేమీ కాదు, పనిలోనే ఉంది.

ఆవిడ చేతిలో ఉతికి ఇస్త్రీ చేసిన నీలం చొక్కా. డ్యూటీ చొక్కా అట. లోపల అది వేసుకోనివ్వరని చెప్పి వెనక్కి పంపారు. మడత చెడకుండా గుండెకి ఆనించుకుని వెళ్ళింది. నాకు చాలా బాధేసింది. ఇవాళ రాద్దామనే కూర్చున్నాను. పవరు పోయింది.

సెప్టెంబరు 13, శుక్రవారం

న్యాయంగా మాట్లాడుకోవాలి. ఈ మెకానిక్ అమాయకుడేమీ కాదు. సమ్మెకి నాలుగు రోజుల ముందు మార్కెట్ దగ్గర మైకులో అరుస్తుంటే నేనే విన్నాను, కూరలు కొనుక్కుంటూ. "అడ్డొచ్చినవాళ్ళని తొక్కుకుంటూ పోతాం" అన్నాడు. జనం ఈలలు. నాలుగో రోజున షాపులు తగలబడ్డాయి. తాను గొయ్యిలో ఉంటే మాత్రం ఆ మాటలు బయట తిరగవా? అతన్ని లోపల పెట్టినప్పటినుంచి మార్కెట్లో ఒక్క రాయి పడలేదు. ప్రభుత్వానికి ఊరి బాగు చూసే పని ఉంటుంది. ఒక మనిషి నాలుగు రోజులు ఆలస్యంగా బయటికొస్తే కొంపలేం మునగవు.

నాలుగు కాదు, తొమ్మిది అయ్యాయి. పైవాళ్ళు ఎలాగూ తిరస్కరిస్తారు. ఈ ఆఫీసులో నేను చూసిన విజ్ఞాపనల్లో ఒప్పుకున్నవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

సెప్టెంబరు 15, ఆదివారం

తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. షాపు సగం బాగుచేశాడు. కొత్త అద్దాల బీరువా, గోడ మాత్రం ఇంకా నల్లగానే ఉంది. అమ్మ పోయేటప్పటికి వాడికి ఏడేళ్ళు, నాకు పదిహేడు. వాడికి అన్నీ నేనే. ఇప్పుడు నలభై రెండేళ్ళవాడు, నేను వస్తే ఇప్పటికీ కుర్చీలోంచి లేస్తాడు.

మాటల్లో మాటగా ఆ రోజు సంగతి అడిగాను. నీలం చొక్కా మనిషి పెట్రోలు సీసా విసరడం చూశాడట. పొగలో మొహం సగమే కనపడిందట. స్టేషనులో ఏం చూపించార్రా అన్నాను.

వాడు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఊరందరికీ చూపు సరిచేసేవాడు.

"ఒక్క ఫోటోయే చూపించారక్కా. ఇతనేననుకుంటా అన్నాను. వాళ్ళు ఇతనే అని రాసుకున్నారు. నేను సంతకం పెట్టాను. ఇంకేం చెయ్యను, షాపు కాలిపోయి ఉన్నాను."

పోనీలే, నీ తప్పేముంది అన్నాను. టీ తాగి వచ్చేశాను.

సెప్టెంబరు 16

రాయలేదు.

సెప్టెంబరు 17

రాయలేదు.

సెప్టెంబరు 18, బుధవారం

ఇవాళ కూర్చున్నాను. మొదటి పేజీ చక్కగా వచ్చింది. "కళ్ళజోళ్ళ షాపాయన" దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆ వాక్యాన్ని కొంచెం మెత్తగా మార్చొచ్చా అని ఆలోచించాను. "ఒక సాక్షి" అంటే సరిపోదా? తప్పులుంటే సరిచెయ్యమని అతనే అన్నాడు. కానీ అక్కడ తప్పేమీ లేదు.

కాగితం మళ్ళీ బట్టల కింద పెట్టాను.

సెప్టెంబరు 20, శుక్రవారం

సూపరింటెండెంటు గారు రౌండ్లకి వెళ్తే మెకానిక్ అడిగాడట, నా విజ్ఞాపనకి జవాబు వచ్చిందా అని. ఏ విజ్ఞాపన అని ఆయన నన్నడిగారు. రేపు మీ బల్ల మీద ఉంటుంది సార్ అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. మంచాయన, నా మీద నమ్మకం.

సెప్టెంబరు 21, శనివారం

గంటలో అయిపోయింది. ఉన్నది ఉన్నట్టు రాశాను, ఒక్క ముక్క మార్చలేదు. కింద అలవాటు ప్రకారం ఇవాళ్టి తేదీ వేశాను. అతను సంతకం పెట్టేముందు చదువుకుని, ఇంత బాగా ఉందంటే నాదేనా అని నాకే అనుమానంగా ఉంది మేడం అని నవ్వాడు. ముద్ర, నంబరు, టపా. సాయంత్రానికి పైకి వెళ్ళిపోయింది.

అసలు కాగితాలు చించబోయి ఆగాను. ఎందుకాగానో తెలియదు.

సెప్టెంబరు 24

జవాబు వచ్చేసింది. మూడు రోజుల్లో. ఒకటే వాక్యం, టైపు చేసింది: పరిశీలించి తిరస్కరించడమైనది. నేను ముందే అనుకున్నాను. చూశారా, పదిహేడు రోజులు ముందు పంపినా ఇదే వచ్చేది.

అతనికి కాగితం ఇచ్చి సంతకం తీసుకున్నాను. రెండుసార్లు చదివాడు. ఆస్పత్రి సంగతి ఏమీ లేదేంటి మేడం అని అడిగాడు. నాకేం తెలుసు.

అక్టోబరు 3, గురువారం

అతని భార్య కోర్టుకి వెళ్ళింది. అక్రమంగా నిర్బంధించారని పిటిషను. అందులో ఒక పేరా చదివి సూపరింటెండెంటు గారు తలుపు మూయించారు. విజ్ఞాపన సెప్టెంబరు నాలుగున ఇస్తే ఇరవై ఒకటిదాకా పైకి పంపలేదని ఉంది. ఆ ఒక్క కారణం చాలు, నిర్బంధం చెల్లదని కోర్టు అనొచ్చట.

"నిజమేనా?" అన్నారు.

జ్వరం వచ్చింది సార్ అన్నాను.

ఆయన పేపరువెయిటు తిప్పుతూ ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. రిజిస్టరులో ఇరవై ఒకటి ఉంది, విజ్ఞాపన మీద ఇరవై ఒకటి ఉంది, కింద అతని సంతకమే ఉంది. అసలు కాగితం చించేశారు కదా అని అడిగారు. చించేశాను సార్ అన్నాను. అయితే గొడవే లేదు అన్నారు.

అక్టోబరు 7, సోమవారం

అఫిడవిట్ మీద సంతకం పెట్టాను. "సెప్టెంబరు 21న అందిన విజ్ఞాపన అదే రోజున పంపబడినది." కాగితాల ప్రకారం ఒక్క అక్షరం అబద్ధం లేదు.

సూపరింటెండెంటు గారు అన్నారు, మీరు మంచికే చేశారు, ఆ మంచి మీ మెడకి చుట్టుకోకూడదని. ఆ మనిషి బయటికొస్తే మళ్ళీ మైకు పట్టుకుంటాడు, మళ్ళీ ఎవరి షాపో కాలుతుంది అని కూడా అన్నారు. ఆయనకి తమ్ముడి సంగతి తెలియదు. ఎవరికీ తెలియదు.

ఎవరికీ చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

అక్టోబరు 14, సోమవారం

కోర్టులో మొదటి వాయిదా. సూపరింటెండెంటు గారు వెళ్ళొచ్చి చెప్పారు. బెంచి మీద ఇద్దరు జడ్జీలు. మెకానిక్ తరఫు లాయరు చిన్నమ్మాయి, గొంతు వణుకుతుందట గానీ పట్టు వదలదట. "ఇది మా మనిషి చేతిరాతే కాదు. ఇంత అందంగా రాయడం వస్తే లిఫ్టులెందుకు బాగుచేస్తాడు?" అందట. కోర్టంతా నవ్వారు. పెద్ద జడ్జీ నవ్వలేదట. ఈ రాత ఎవరిదో ఆ మనిషిని ఇరవై ఒకటిన తీసుకురండి, అసలు కాగితం ఉంటే అది కూడా తీసుకురండి అన్నారట.

"చించేశారు కదా, అదే చెప్పండి. పద్ధతి ప్రకారం చేశానని చెప్పండి. చాలు," అన్నారు సూపరింటెండెంటు గారు.

ఇరవై ఏళ్ళుగా నా రాతని పొగిడినవాళ్ళే. ఇవాళ దాన్ని చూసి ఊరంతా నవ్వింది.

అక్టోబరు 16

బీరువా తీశాను. ఉన్నాయి. చివర్లో అతని రాతలో తేదీ. నాలుగు అంకెని తిరగేసిన కుర్చీలా రాశాడు. ఎంత వెతికినా అది ఇంకో అంకెలా కనపడదు.

చించేస్తే అయిపోతుంది. స్టవ్ దగ్గరికి వెళ్ళాను. అక్కడే నిలబడి మళ్ళీ చదివాను. "ఒక్కసారి చూడండి."

నేను చూశాను. ఈ ఊళ్ళో దాన్ని నిజంగా చదివినదాన్ని నేనొక్కదాన్నే.

అక్టోబరు 17

రాయలేను.

అక్టోబరు 20, ఆదివారం

తమ్ముడికి చెప్పాను. షాపులో ఎవరూ లేని వేళ చూసి వెళ్ళి, రేపు కోర్టులో ఆ కాగితం ఇచ్చేస్తున్నానన్నాను. అందులో నీ షాపు మాట ఉంది, ఆస్పత్రి రిజిస్టరు మాట ఉంది అన్నాను.

"నన్ను అబద్ధాలకోరుని చేస్తావా అక్కా?"

"నువ్వు అబద్ధం చెప్పలేదురా. నీకు తోచింది చెప్పావు. సంతకం పెట్టి అబద్ధం చెప్పింది నేను."

వాడు విసురుగా లేచాడు. ఉద్యోగం పోతుంది నీకు అన్నాడు. ఆ మనిషి బయటికొచ్చి నా షాపు ముందు నిలబడితే నువ్వొచ్చి కాపాడతావా అన్నాడు. నా షాపు తగలబడినప్పుడు ఏ కోర్టూ నా హక్కుల గురించి అడగలేదు అన్నాడు. వాడు చెప్పింది తప్పనడానికి నోరు రాలేదు. కాలిన గోడ ఎదురుగా కూర్చుని ఎలా అనను?

నేను పెంచిన పిల్లాడు మొదటిసారి నన్ను గుమ్మందాకా సాగనంపలేదు.

అక్టోబరు 21, సోమవారం

గుర్తున్నంతా రాస్తాను, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

కోర్టు హాలు నేననుకున్నంత పెద్దది కాదు. ఫ్యాన్లు చప్పుడు చేస్తున్నాయి. మెకానిక్‌ని తీసుకురాలేదు, ఇలాంటి కేసుల్లో తీసుకురారట. అతని భార్య వెనక బెంచీలో కూర్చుంది. సూపరింటెండెంటు గారు నా పక్కన. సంచీలో ఏముందో ఆయనకి చెప్పలేదు. ఇంత మంచాయనకి చెప్పకుండా తీసుకెళ్ళడం నాకే సిగ్గుగా ఉంది. చెప్తే మాత్రం ఆగిపోతానని భయం.

పెద్ద జడ్జీ గారు ఫెయిర్ కాపీ ఎత్తి చూపించి, ఈ రాత మీదేనా అని అడిగారు. నాదేనండి అన్నాను. అసలు కాగితం ఏమైందన్నారు. సంచీలోంచి తీసి ఇచ్చాను. పక్కన సూపరింటెండెంటు గారి కుర్చీ కిర్రుమంది. ఆయన వైపు చూడలేకపోయాను.

జడ్జీలిద్దరూ తలలు దగ్గరగా పెట్టి చదివారు. ఆ రాత కూడబలుక్కుని చదవడానికి చాలాసేపు పట్టింది. పాత సూపరింటెండెంటు గారు భయపడ్డట్టు పక్కన పడెయ్యలేదు. చదివారు.

ఎందుకు ఆలస్యమైందని అడిగారు. జ్వరం వచ్చిందండి అన్నాను. ఎన్ని రోజులన్నారు. మూడు అన్నాను. మిగతా రోజులు?

"నా దగ్గరే ఉందండి," అన్నాను.

ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. చెప్పేదాన్నేనా?

ప్రభుత్వ లాయరు లేచారు. బాగా మాట్లాడారు, ఒప్పుకోవాలి. ఒక గుమాస్తా అజాగ్రత్తకి ఊరి శాంతిని పణంగా పెట్టకూడదన్నారు. నాలుగు షాపులు, ఇద్దరికి కాలిన గాయాలు, ఇతని ఉపన్యాసాలు అన్నీ చదివారు. ఈ మనిషి లోపలికి వెళ్ళాక మార్కెట్లో ఒక్క రాయి పడలేదని గట్టిగా చెప్పారు. నేను ఈ డైరీలో రాసుకున్న మాటే.

పెద్ద జడ్జీ గారు ఓపిగ్గా విన్నారు. "ఊరంతటినీ లోపల పెడితే ఇంకా ప్రశాంతంగా ఉంటుంది," అన్నారు మెల్లగా. ఎవరూ నవ్వలేదు. తర్వాత ఆయన చెప్పినదాన్ని మాట మాటకీ రాసుకోవాలని ఉంది గానీ అంత గుర్తు లేదు. ఇంత మాత్రం గుర్తుంది: "విచారణ లేకుండా మనిషిని ఉంచే అధికారం చట్టం మీకిచ్చింది. ఊరిని కాపాడుకోవాలి కాబట్టి ఇచ్చింది. దాన్ని మేము కాదనడం లేదు. అంత పెద్ద అధికారానికి ఎదురుగా ఆ మనిషికి ఇచ్చింది ఒక్కటే, తన మాట వెంటనే వినే మనిషి ఉంటాడన్న హామీ. అదీ లేకపోతే తక్కెట్లో రెండోవైపు ఏమీ లేనట్టే."

రెండో జడ్జీ గారు చిన్నవారు. తిరస్కరించేముందు ఆస్పత్రి రిజిస్టరు చూశారా అని అడిగారు. ప్రభుత్వ లాయరు ఫైలు ముందుకీ వెనక్కీ తిప్పారు. ఆ వివరం అందుబాటులో లేదన్నారు.

నిర్బంధం చెల్లదు, విడుదల చెయ్యండి అన్నారు. అంటూనే ఇంకో మాట చెప్పారు. ఆ రోజు ఇతను మార్కెట్లో ఉన్నాడా లేడా అన్నది మేము తేల్చడం లేదు, అది మా ముందున్న ప్రశ్న కాదు, నేరం చేశాడనుకుంటే మామూలు కేసు పెట్టి సాక్షులతో నిరూపించుకోండి అని. నా అఫిడవిట్ సంగతి తర్వాత చూస్తామన్నారు.

బయటికొచ్చాక మెకానిక్ భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. మీ వల్లే అమ్మా అంది. ఆ చేతులు విడిపించుకోవడం నా వల్ల కాలేదు. వద్దమ్మా వద్దమ్మా అంటూ నిలబడ్డాను. నేను మొహమాటపడుతున్నానని అనుకుంది.

సూపరింటెండెంటు గారి కారులోనే తిరిగొచ్చాం. దిగేటప్పుడు, నన్నెందుకు నమ్మలేదమ్మా మీరు అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను అమ్మా అనడం ఇదే మొదలు.

అక్టోబరు 22

మెమో తయారవుతోందట. సస్పెన్షను. ఆఫీసులో నా బల్ల దగ్గరికి ఎవరూ రావడం లేదు. ఒక వార్డరు మాత్రం టీ తెచ్చి పెట్టి వెళ్ళాడు.

తమ్ముడు ఫోన్ ఎత్తలేదు.

అక్టోబరు 23, బుధవారం

విడుదల ఉత్తర్వు పదకొండింటికి అందింది. నా మెమో ఇంకా రాలేదు కాబట్టి ఆ పని కూడా నాదే. సామాను పెట్టె తెప్పించాను. టెస్టరు, రెండు స్పానర్లు, తాళాల గుత్తి, వాచీ. ఒక్కొక్కటీ పేరు చదివి ఇచ్చాను. అతను ఒక్కొక్కటీ తీసుకుని జేబుల్లో సర్దుకున్నాడు. చిక్కిపోయాడు. భార్య తెచ్చిన నీలం చొక్కా భుజాల దగ్గర వదులుగా ఉంది.

కోర్టులో జరిగిందంతా భార్య చెప్పిందట. థాంక్సండి అన్నాడు. వద్దన్నాను. వార్డరు గుమ్మం బయట నిలబడ్డాడు.

"ఒక్కటి అడగొచ్చా మేడం? నేను అక్కడ లేనని ఎవరూ అనలేదు. ఉన్నానని కూడా అనలేదు. కాగితం లేటైందని వదిలేశారు. ఆ కాగితం మీరు చదివారు కదా. నమ్మారా?"

"నమ్మాను."

"ఎప్పుడు?"

"చదివిన రోజే."

అతను నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు, ఎక్కడ తిరకాసుందో వెతుకుతున్నట్టు. లిఫ్టు ఆగిపోతే ఇలాగే చూస్తాడేమో. ఇక నా వల్ల కాలేదు.

"ఆ కళ్ళజోళ్ళ షాపతను నా తమ్ముడు," అన్నాను.

చెప్పేశాక గుండె తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. అతను బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తిట్టమని మనసులో వేడుకున్నాను. తిట్టలేదు. రిజిస్టరు తనవైపు తిప్పుకుని సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి ఇచ్చాడు. గుమ్మందాకా వెళ్ళి ఆగాడు.

"మా ఇంటికి ఆ షాపు ముందునుంచే దారి మేడం. సాయంత్రం అయిదింటికి అటే నడిచి వెళ్తాను. మీ తమ్ముడిని భయపడి లోపలికి వెళ్ళొద్దనండి. నన్ను ఒక్కసారి సరిగ్గా చూడమనండి."

మూడింటికి సెలవు పెట్టి బయల్దేరాను. ఫోన్ చెయ్యలేదు, చేసినా ఎత్తడు. తమ్ముడు నన్ను చూసి కుర్చీలోంచి లేవలేదు. కౌంటరు ఇవతల నిలబడి అతని మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను, ఒక్క ముక్క మార్చకుండా. వాడు తలెత్తలేదు. ఎవరో అద్దం బిగించమని ఇచ్చిన ఫ్రేము చేతిలో ఉంది, దాన్నే తిప్పుతూ కూర్చున్నాడు. నాలుగున్నర అయింది. షట్టరు దించేస్తాడనుకున్నాను.

అయిదుకి కొంచెం ముందు లేచాడు. కుర్చీ ఎత్తి తీసుకెళ్ళి షాపు బయట, రోడ్డుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.